కొలంబియా, బొలీవియా వంటల రెస్టారెంట్‌కి మొదటిసారి వెళ్తున్నారా? ఆర్డర్ ఇలా ఇవ్వండి

వర్జీనియాలో ఆష్‌బర్న్, హెర్న్‌డన్, షాంటిలీ వైపు ఉండే మనవాళ్ళు అడిగిందే అడుగుతున్నారు. "మా దగ్గర్లో కొలంబియా, బొలీవియా వంటల రెస్టారెంట్ ఉంది. రోజూ దాని ముందు నుంచే వెళ్తాం, లోపలికి మాత్రం వెళ్ళలేదు. మనం తినేవి ఉంటాయా? బీఫ్ లేకుండా ఇస్తారా? కారం ఉంటుందా?"

తినేవి బోలెడు ఉంటాయి. బీఫ్, పోర్క్ లేకుండా కూడా దొరుకుతుంది, కానీ అడగాల్సిన చోట అడగాలి. కారం వంటలో తక్కువ, టేబుల్ మీద గిన్నెలో ఎక్కువ. ఎలా అడగాలో, ఏం చూసుకోవాలో కింద వరుసగా రాశాను.

అమెరికాలో బొలీవియా నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా స్థిరపడింది ఉత్తర వర్జీనియాలోనే. ఆర్లింగ్టన్, ఫాల్స్ చర్చ్, ఆనన్‌డేల్ చుట్టుపక్కల వాళ్ళ రెస్టారెంట్లు, బేకరీలు కనిపిస్తాయి. వాళ్ళలో చాలామందిది కోచబాంబా ప్రాంతం, అందుకే మెనూలో ఆ ఊరి వంటలదే పైచేయి. న్యూయార్క్‌లో జాక్సన్ హైట్స్ దగ్గర, న్యూజెర్సీలో ఎలిజబెత్ దగ్గర ఉండేవాళ్ళకు కొలంబియా వంటలు ఎక్కువగా తగులుతాయి. ఎక్కడున్నా పద్ధతి ఒకటే.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- కనీసం ముగ్గురు మనుషులు. ఒక్కరే వెళ్తే ఒక్క ప్లేటుతోనే కడుపు నిండిపోతుంది, రెండో దేశం వంట రుచి చూసే వీలుండదు.
- ఫోన్‌లో ఆ రెస్టారెంట్ మెనూ, వంటల ఫొటోలు. పేరు కన్నా ఫొటో చూపిస్తే పని త్వరగా అవుతుంది.
- ఎవరు ఏం తినరో ముందే ఒక మాట అనుకోవడం. బీఫ్ తినరా, పోర్క్ తినరా, గుడ్డు కూడా వద్దా, హలాల్ కావాలా, వేరుశనగ పడదా. టేబుల్ దగ్గర కూర్చున్నాక ఈ చర్చ మొదలైతే వెయిటర్‌కీ టెన్షన్, మీకూ టెన్షన్.
- కింద మూడో మెట్టులో రాసిన నాలుగైదు స్పానిష్ వాక్యాలు.

1. రోజు, టైము చూసుకుని వెళ్ళండి

బొలీవియాలో సాల్తెన్యా అనేది ఉదయం టిఫినుకీ మధ్యాహ్నం భోజనానికీ మధ్య తినే పదార్థం, లోపల మాంసం, రసం కూరి కాల్చిన కజ్జికాయ లాంటిది. ఇక్కడ కూడా పొద్దున్నే ఒవెన్‌లో కాల్చి పెడతారు. అయిపోతే అయిపోయినట్టే. దానికోసం వెళ్తుంటే పదకొండు, పన్నెండు గంటలకల్లా అక్కడ ఉండండి. సాయంత్రం ఏడింటికి వెళ్ళి "లేదా?" అని అడిగితే లాభం లేదు.

పెద్ద సూపులు, పులుసుల లాంటి స్పెషల్స్ ఎక్కువ చోట్ల శని, ఆదివారాల్లోనే చేస్తారు. శనివారం నాన్‌వెజ్ ముట్టని ఇల్లయితే ఆదివారం పెట్టుకోండి. అయితే ఆదివారం చర్చి అయ్యాక కుటుంబాలు కుటుంబాలుగా వస్తారు. పన్నెండు దాటితే టేబుల్ కోసం నిలబడాలి.

మామూలు రోజుల్లో మధ్యాహ్నం "ఆల్ముఎర్సో" అని బోర్డు మీద ఉందేమో చూడండి. సూపు, ప్రధాన వంటకం, కొన్నిచోట్ల జ్యూస్ కలిపి ఒకే ధరకు ఇచ్చే భోజనం అది. మొదటిసారికి బాగుంటుంది, ఖర్చూ తక్కువే. కాకపోతే అందులో ఆ రోజు ఏం వండితే అదే. తినని మాంసం ఉంటే మార్చరు.

2. మెనూని రెండు ముక్కలుగా చదవండి

పేర్లు కలగాపులగంగా ఉంటాయి కాబట్టి ముందు ఏది ఏ దేశానిదో విడదీసుకోండి. అరేపా (మొక్కజొన్న పిండి రొట్టె), బందేహా పైసా, అహియాకో, సాంకోచో, పాతకోనెస్ (పచ్చి అరటికాయ ముక్కలు చితక్కొట్టి వేయించినవి), పాన్‌దెబోనో కొలంబియావి. సాల్తెన్యా, సిల్పాంచో, పీకే మాచో, సోపా దె మాని, ఫ్రికాసే, ఆపి బొలీవియావి. మొక్కజొన్న, అరటికాయ, బీన్స్ కొలంబియా వైపు ఎక్కువ. బంగాళాదుంప, వేరుశనగ, ఎండు మిరప ముద్ద బొలీవియా వైపు ఎక్కువ.

చాలా మెనూల్లో టాకో, బురీటో కూడా ఉంటాయి. అవి మెక్సికో వంటలు. అలవాటైన పేరు అడిగే గిరాకీల కోసం పెట్టినవి. వాటికోసం ఇంతదూరం రానక్కర్లేదు.

తర్వాత, ఈ మాటలు ఎక్కడ కనిపించినా ఆగి చూడండి:

- రెస్: గొడ్డు మాంసం. ఒట్టి "కార్నె" అని ఉన్నా చాలాసార్లు అదే.
- సెర్దో, పుఎర్కో, హమోన్: పంది మాంసం. చిచర్రోన్ అంటే వేయించిన పంది మాంసం. చొరీసో సాసేజ్ కూడా సాధారణంగా పందిదే.
- మోర్సియా: రక్తం, అన్నం కూరి చేసిన సాసేజ్.
- మోండోంగో, పాన్సా: బోటి.
- లెంగ్వా: నాలుక. ఆంతికూచో: గొడ్డు గుండెకాయ ముక్కలు పుల్లకు గుచ్చి కాల్చినవి. వీటికి వేరుశనగ సాస్ ఇస్తారు, ఆ వాసనకు ఎవరికైనా నోరూరుతుంది. ఏమిటో తెలుసుకుని తినాలా వద్దా అన్నది మీ ఇష్టం.
- చార్కె: ఎండబెట్టిన మాంసం. బీఫ్ కావచ్చు, బొలీవియాలోనైతే లామా కూడా కావచ్చు.
- పోయో కోడి, పెస్కాదో చేప, త్రూచా ట్రౌట్ చేప, ఉఎవో గుడ్డు.

3. తినని వాటిని విడివిడిగా చెప్పండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. "నో మీట్" అంటే మన మనసులో ఉండే అర్థం వేరు, వాళ్ళకు వినిపించే అర్థం వేరు. "సిన్ కార్నె" అని చెబితే బీఫ్ తీసేసి కోడి ముక్కలో హామ్ ముక్కలో వేసి ఇచ్చినా వాళ్ళ లెక్కలో తప్పు కాదు. అందుకే పేరు పెట్టి చెప్పాలి.

బీఫ్, పోర్క్ తిననివాళ్ళు: "నో కోమో కార్నె దె రెస్ ని దె సెర్దో."

శాకాహారులు: "సోయ్ వెహెతరియానో" (ఆడవాళ్ళయితే "వెహెతరియానా"). అక్కడితో ఆపకుండా "ని పోయో, ని హమోన్, ని కాల్దో దె కార్నె" అని కలపండి. కోడి వద్దు, హామ్ వద్దు, మాంసం ఉడికించిన నీళ్ళు కూడా వద్దు అని.

ఇంగ్లిష్‌లో అడిగినా ఫరవాలేదు, చాలాచోట్ల అర్థం చేసుకుంటారు. ఏ భాషలోనైనా అడగాల్సింది మాత్రం ఈ ఐదు చోట్ల గురించి:

*బీన్స్.* కొలంబియా పద్ధతిలో ఎర్ర బీన్స్‌ని పంది కాలితోనో చర్మంతోనో ఉడికించడం మామూలు. ముక్కలు తీసి వడ్డించినా రసం అందులోనే ఉంటుంది. "లోస్ ఫ్రిహోలెస్ యేవన్ సెర్దో?" అని అడగండి.

*సూపు నీళ్ళు.* వేరుశనగ సూపు అనగానే శాకాహారం అనుకుంటారు. ఎక్కువసార్లు దాన్ని బీఫ్ ఎముకలతో వండుతారు, కొందరు కోడితో చేస్తారు.

*పిండి.* సాల్తెన్యా పైపొరలో పంది కొవ్వు వేసే అలవాటు ఉంది. "లా మాసా యేవా మాంతెకా?" అంటే పిండిలో కొవ్వు ఉందా అని. మాంతెకా వేరు, మాంతెకీయా వేరు. రెండోది వెన్న. జవాబు వినేటప్పుడు చివర్న "కీయా" వినిపించిందో లేదో గమనించండి.

*నూనె.* అరటికాయ, కర్రపెండలం, చిచర్రోన్ అన్నీ ఒకే బాండీలో వేయించే వంటగదులు ఉంటాయి. పట్టింపు ఉంటే అడగండి, లేకపోతే వదిలేయండి.

*అన్నం.* తెల్లగా ఉన్నంత మాత్రాన ఒట్టి నీళ్ళతో వండారని కాదు. కొందరు కోడి సూపుతో వండుతారు.

హలాల్ కావాలంటే ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోండి. ఈ రెస్టారెంట్లలో హలాల్ మాంసం ఉంటుందని అనుకుని వెళ్ళొద్దు. చేప, గుడ్డు, చీజ్ వంటలతో ఒక పూట హాయిగా గడిచిపోతుంది.

4. మొదట గాజు అల్మారా నుంచి మొదలుపెట్టండి

కౌంటర్ పక్కన వేడిగా ఉంచే గాజు అల్మారా ఉంటే ముందు అక్కడికి వెళ్ళండి. అన్నీ ఒక్కొక్కటిగా కొనుక్కోవచ్చు. నచ్చకపోతే పోయేదీ తక్కువే.

శాకాహారులకు ఇక్కడే పండగ. పాన్‌దెబోనో అంటే కర్రపెండలం పిండి, చీజ్ కలిపి కాల్చిన చిన్న గుండ్రటి రొట్టె. మన తూర్పు గోదావరిలో సగ్గుబియ్యం చేసే దుంప అదే. బొలీవియావాళ్ళు ఇంచుమించు ఇలాగే చేసేదాన్ని కున్యాపే అంటారు. రెండూ అడిగి పక్కపక్కన పెట్టుకుని తిని చూడండి. బున్యుయెలో అంటే చీజ్ కలిపిన పిండిని ఉండగా చేసి నూనెలో వేయించింది. ఉమింతా అంటే పచ్చి మొక్కజొన్న రుబ్బి, చీజ్ పెట్టి, కండె మీది ఆకుల్లో చుట్టి వండింది. అరేపా దె చోక్లో తియ్యటి మొక్కజొన్న రొట్టె, మధ్యలో చీజ్. వీటిలో చాలావాటిలో గుడ్డు పడుతుంది. గుడ్డు తిననివాళ్ళు ఒక్కోదాని గురించి విడిగా అడగాలి. ఏకాదశి నాడు కర్రపెండలం కదా అని పాన్‌దెబోనో తినేయకండి.

ఎంపనాదా కొలంబియాదైతే మొక్కజొన్న పిండితో చేసి నూనెలో వేయిస్తారు. లోపల సాధారణంగా బంగాళాదుంప, బీఫ్. కోడిది, చీజ్‌ది కూడా దొరుకుతాయి. బయటి నుంచి అన్నీ ఒకేలా ఉంటాయి. కాబట్టి ఒకటి విప్పి చూసి గానీ పిల్లలకు ఇవ్వకండి.

5. సాల్తెన్యా తినే పద్ధతి

దీనికి ప్రత్యేకంగా ఒక మెట్టు పెట్టింది ఊరికే కాదు. లోపల మాంసం, బంగాళాదుంప, బఠాణీలతో పాటు వేడి రసం ఉంటుంది. జెలటిన్‌తో గడ్డకట్టించిన రసాన్ని పిండిలో కూరి కాలుస్తారు. ఒవెన్ వేడికి అది కరిగి లోపలే నీరవుతుంది. ఫోర్కుతో మధ్యలో పొడిచారంటే ప్లేటంతా వరద, చొక్కా మీద మరక.

- రెండు నిమిషాలు చల్లారనివ్వండి. పైన గోరువెచ్చగా అనిపించినా లోపల రసం సలసల కాగుతూ ఉంటుంది.
- జడలా అల్లిన అంచు పైకి ఉండేలా, నిటారుగా చేత్తో పట్టుకోండి. కింద ఒక టిష్యూ ఉంచుకోండి.
- పై మూల చిన్నగా కొరకండి. పెద్ద ముక్క వద్దు.
- ఆ కన్నంలోంచి రసం కొంచెం తాగండి.
- తర్వాత కొంచెం కొరకడం, కొంచెం తాగడం. చేత్తో కుదరకపోతే చిన్న చెంచాతో పైనుంచి తోడుకుని తినండి. అది తప్పేం కాదు, అక్కడా అలా తినేవాళ్ళున్నారు.

జాగ్రత్త: లోపల ఆలివ్ కాయ ఉంటుంది, చాలాసార్లు గింజతో సహా. పిల్లలకు ఇచ్చే ముందు దాన్ని తీసేయండి. కిస్‌మిస్, ఉడికిన గుడ్డు ముక్క కూడా తగులుతాయి. పిండి కొద్దిగా తియ్యగా ఉంటుంది. మొదటి కొరుకుడుకి వింతగా అనిపించినా లోపలి మసాలాతో కలిస్తే సరిపోతుంది.

బీఫ్ వద్దనుకుంటే "సాల్తెన్యా దె పోయో" అడగండి. అయితే జెలటిన్ బీఫ్‌దో పోర్క్‌దో అయ్యే అవకాశం ఉంది. పూర్తిగా దూరంగా ఉండాలనుకునేవాళ్ళు కోడి సాల్తెన్యా కూడా వదిలేయడమే మంచిది. వెజిటేరియన్ సాల్తెన్యా అని బోర్డు ఉన్నా ఈ జెలటిన్ ప్రశ్న, మాంతెకా ప్రశ్న రెండూ అడగాల్సిందే.

సరిగ్గా తిన్నారా లేదా అన్నదానికి పరీక్ష ఒక్కటే: చివర్లో ప్లేటు పొడిగా ఉండాలి.

6. ఒక సూపు తప్పనిసరి

మన దగ్గర సూపంటే భోజనానికి ముందు నాలుగు చెంచాలు. ఇక్కడ సూపే భోజనం. పెద్ద గిన్నె ఒకటి తెప్పించి ఇద్దరు పంచుకోండి.

మాంసం తినేవాళ్ళకు నా ఓటు సోపా దె మాని, అంటే వేరుశనగ సూపుకే. పచ్చి వేరుశనగలు మెత్తగా రుబ్బి ఉడికిస్తారు, పైన సన్నగా వేయించిన బంగాళాదుంపలు, కొత్తిమీరను పోలిన పార్స్‌లీ ఆకు చల్లుతారు. వేయించిన పల్లీల వాసన కోసం వెతకొద్దు. ఇది తెల్లగా, పాలలా చిక్కగా ఉండాలి. గోధుమ రంగులో వేరుశనగ బటర్ రుచితో వచ్చిందంటే దగ్గరి దారి తొక్కారన్నమాట. వేరుశనగ అలర్జీ ఉన్నవాళ్ళు ఈ రెస్టారెంట్లో కూర్చోగానే ఆ మాట చెప్పాలి. సూపులోనే కాదు, సాసుల్లోనూ వేరుశనగ వాడతారు.

బీఫ్ తినకుండా కోడి తినేవాళ్ళకు అహియాకో. ఇది బొగొటా నగరం వంట. మూడు రకాల బంగాళాదుంపలు వేస్తారు. వాటిలో పసుపుపచ్చటి చిన్న దుంప పూర్తిగా కరిగి సూపుని చిక్కన చేస్తుంది. గ్వాస్కాస్ అనే ఆకు దీనికి ప్రాణం. పక్కన క్రీమ్, ఉప్పులో ఊరిన కేపర్లు (చిన్న పూమొగ్గలు), అవకాడో, అన్నం ఇస్తారు. అన్నీ ఒకేసారి గిన్నెలో పోసేయకండి. ముందు ఒట్టిది రుచి చూసి, తర్వాత క్రీమ్ ఒక చెంచా, కేపర్లు నాలుగు. కేపర్లకే ఉప్పు ఎక్కువ, పైన ఇంకా ఉప్పు చల్లితే తినలేరు.

సాంకోచో కర్రపెండలం, అరటికాయ, మొక్కజొన్న కండె ముక్కలతో చేసే పులుసు. కోడితో, చేపతో, బీఫ్‌తో రకరకాలుగా వస్తుంది. ఆ రోజు దేనితో చేశారో అడగండి. ఫ్రికాసే పంది మాంసంతో చేసే వంట, బొలీవియాలోని లా పాస్ నగరానిది. అందులో నల్లగా, స్పాంజిలా కనిపించేది చూన్యో, అంటే ఆండీస్ కొండల మీద రాత్రి మంచులో గడ్డకట్టించి, పగలు తొక్కి నీరు పిండి, ఎండలో ఆరబెట్టిన బంగాళాదుంప. పాడైపోయిందని పక్కన పెట్టకండి, దాని రంగే అంత.

7. పెద్ద ప్లేట్లు మనిషికొకటి తెప్పించకండి

నలుగురికి రెండు పెద్ద ప్లేట్లు, ఒక సూపు, అల్మారా నుంచి నాలుగు చిరుతిళ్ళు సరిపోతాయి. ఎవరేం తింటారో బట్టి ఇలా ఎంచుకోండి.

అన్నీ తినేవాళ్ళు: కొలంబియా నుంచి బందేహా పైసా. అంతియోకియా ప్రాంతపు ఈ ప్లేటులో బీన్స్, అన్నం, కైమా, చిచర్రోన్, చొరీసో, మోర్సియా, వేయించిన గుడ్డు, పండిన అరటి వేపుడు, అవకాడో, అరేపా ఉంటాయి. ఇద్దరు కూర్చుని తినాల్సిన ప్లేటు అది. అందరూ ఫొటో తీసుకునేది దీన్నే గానీ, నన్నడిగితే ఒక్క ముద్దలో ఇన్ని కొవ్వులు కలిసి ఏ రుచీ విడిగా తెలియదు. దానికన్నా కోచబాంబా సిల్పాంచో మేలు. అడుగున అన్నం, దాని మీద బంగాళాదుంప ముక్కలు, ఆపైన పల్చగా చితక్కొట్టి బ్రెడ్ పొడితో వేయించిన బీఫ్, గుడ్డు, పైన పచ్చి ఉల్లి, టమాటా, మిరప తరుగు. గుడ్డు సొన పగలగొట్టి అన్నంలోకి కలుపుకోండి. పీకే మాచో కూడా కోచబాంబాదే. బీఫ్ ముక్కలు, సాసేజ్, ఫ్రెంచ్ ఫ్రైస్, ఉల్లి, టమాటా, ఉడికిన గుడ్డు గుట్టగా పోసి తెస్తారు. ముగ్గురికి ఒకటి చాలు.

కోడి, చేప మాత్రమే తినేవాళ్ళు: మొహార్రా ఫ్రీతా అని ఉంటే ఇంకేం వెతకొద్దు. చేపను తలతో, తోకతో కరకరలాడేలా వేయించి ఇస్తారు. పక్కన పాతకోనెస్, కొలంబియా సముద్రతీరం పద్ధతిలోనైతే కొబ్బరి అన్నం. చేత్తో తినండి, ముళ్ళు తీసుకోవడం సులువు. బొలీవియా వైపు పికాంతె దె పోయో అంటే ఎర్ర మిరప ముద్దలో ఉడికిన కోడి. పేరులో కారం ఉంది గానీ మన నాలుకకి అది మామూలే.

శాకాహారులు: ప్లేటుని మీరే కట్టుకోండి. అన్నం, పండిన అరటి వేపుడు, పాతకోనెస్, వేయించిన కర్రపెండలం, అవకాడో, చీజ్ పెట్టిన అరేపా, గుడ్డు తింటే ఒక ఆమ్లెట్. మెనూ చివర్న పక్క వంటకాలు అనే భాగంలో ఇవి విడివిడిగా ఉంటాయి. బందేహా పైసాలో మాంసాలు తీసేసి ఇవ్వమని మాత్రం అడగొద్దు. డబ్బు నిండుగా కడతారు, చేతికొచ్చేది అన్నం, గుడ్డు, పంది రసంలో ఉడికిన బీన్స్.

8. కారం టేబుల్ మీద ఉంటుంది, అక్కడే కలుపుకోండి

"మేక్ ఇట్ స్పైసీ" అని వంటగదికి కబురు పెడితే ఏమీ మారదు. ఈ వంటల్ని కారంగా వండరు. కారం గిన్నెల్లో వస్తుంది. రానప్పుడు అడగండి.

కొలంబియా గిన్నె అహీ. కొత్తిమీర, ఉల్లికాడలు, వెనిగర్, కొద్దిగా మిరప. పుల్లగా ఉంటుంది. ఎంపనాదా ఒక కొస కొరికి, ఆ కన్నంలో చెంచాడు పోసి తినడం పద్ధతి. ప్రతి కొరుకుడికీ మళ్ళీ పోయాలి.

బొలీవియా గిన్నె యహ్వా. లొకోతో మిరప, టమాటా, కిర్‌కిన్యా అనే ఘాటైన ఆకు వేసి బతాన్ అనే రాతి మీద నూరుతారు. రోటి పచ్చడి తిన్న నాలుకకు ఇది వెంటనే చుట్టమైపోతుంది, అన్నంలో కలుపుకున్నా బాగుంటుంది. అయినా మొదట అర చెంచాతోనే మొదలుపెట్టండి. లొకోతో చూడటానికి చిన్న కాప్సికంలా గుండ్రంగా, కండగా ఉంటుంది. కోసి చూస్తే గింజలు నల్లగా ఉంటాయి. అదే దాని గుర్తు. సిల్పాంచో, పీకే మాచో పైన ఎర్ర ముక్కలు కనిపిస్తే కాప్సికం అనుకుని పిల్లలకు పెట్టేముందు గింజ రంగు చూడండి.

సాల్తెన్యాకు కారం ముందే ఎంచుకోవాలి. "పికాంతె" అంటే కారంది, "దూల్సె" అంటే కారం లేనిది. కాల్చాక మార్చడం కుదరదు.

9. తాగేవి

కొలంబియా జ్యూసులు అడిగితే "ఎన్ ఆగ్వా ఓ ఎన్ లేచె?" అంటారు. నీళ్ళలోనా, పాలలోనా అని. లూలో, మరాకుయా (పాషన్ ఫ్రూట్) పుల్లటి పండ్లు కాబట్టి నీళ్ళలో. గ్వనాబనా, అంటే మన లక్ష్మణ ఫలం, పాలలో బాగుంటుంది. మోరా అనే బ్లాక్‌బెర్రీ రెండింటిలోనూ సరే. చక్కెర బాగా వేస్తారు, తక్కువ కావాలంటే ముందే చెప్పాలి: "పోకా అసూకార్."

ఆగ్వాపనేలా బెల్లం నీళ్ళు, అక్షరాలా. చెరుకు రసం కాచి చేసిన బెల్లాన్ని వేడినీళ్ళలో కరిగించి, నిమ్మకాయ పిండి లేదా చీజ్ ముక్క వేసి ఇస్తారు. చలికాలంలో వేడిగా తాగండి. బ్లాక్ కాఫీ కావాలంటే కొలంబియావాళ్ళ దగ్గర "తింతో" అనాలి.

బొలీవియా వైపు మొకోచించి: ఎండిన పీచ్ పండు, దాల్చినచెక్క, చక్కెర కలిపి మరగించి చల్లార్చినది. గ్లాసు అడుగున పండు ఉంటుంది, చివర్లో చెంచాతో తినాలి, లోపల గింజ ఉంటుంది. ఆపి ఊదా రంగు మొక్కజొన్నతో చేసే వేడి, చిక్కటి పానీయం. అందులో దాల్చినచెక్క, లవంగం. ఇది ఉదయానికీ చలికీ బాగుంటుంది. ఎండలో వచ్చి తాగితే సగంలో ఆపేస్తారు.

10. ప్లేటు వచ్చాక, తినేముందు చూసుకోవాల్సినవి

- బీన్స్ గరిటెతో కదిపి చూడండి. చర్మం ముక్కలు, పైన తేలే మందపాటి కొవ్వు కనిపిస్తే మీ మాట వంటగది దాకా చేరలేదు.
- సూపు అడుగు నుంచి తోడి చూడండి. ఎముక ఉంటే ఏ మాంసమో అడగండి.
- పాతకోనెస్ అంచులు కరకరలాడాలి, మధ్యలో మెత్తగా ఉండాలి. నూనె పీల్చి చల్లారి వస్తే మళ్ళీ వేయించి ఇవ్వమనొచ్చు, ఏమీ అనుకోరు.
- పాన్‌దెబోనో విరిస్తే సాగాలి. రాయిలా ఉంటే పొద్దుటిది. వేడి చేసి ఇవ్వమనండి.

పొరపాటున తినని మాంసం వస్తే ముక్క తీసేసి తినే ప్రయత్నం చేయకుండా ప్లేటు వెంటనే వెనక్కి పంపండి. సగం తిన్నాక చెబితే మార్చడం వాళ్ళకూ కష్టం.

11. బిల్లు, ప్యాకింగ్

చాలాచోట్ల మీరు అడిగేదాకా బిల్లు తేరు. తినేవాళ్ళని లేపినట్టవుతుందని వాళ్ళ మర్యాద. "లా క్వెంతా, పోర్ ఫవోర్" అనండి. పన్ను మెనూ ధర మీద అదనం. టిప్ 18 నుంచి 20 శాతం అమెరికాలో మామూలు. గుంపుగా వెళ్తే కొన్నిచోట్ల టిప్ బిల్లులోనే కలిపేస్తారు కాబట్టి సర్వీస్ చార్జ్ అనే వరుస ఉందేమో చూసి గానీ మళ్ళీ రాయకండి.

మిగిలింది కట్టించుకోవడానికి "పారా యేవార్." క్రీమ్, సాసులు విడిగా కట్టమనండి. వేయించినవి ఇంటికి తెస్తే మెత్తబడిపోతాయి, పాతకోనెస్ అక్కడే పూర్తి చేయండి. వేరుశనగ సూపు ఫ్రిజ్‌లో పెడితే ముద్దలా చిక్కబడుతుంది. కొద్దిగా నీళ్ళు పోసి సన్నని మంట మీద కలుపుతూ వేడి చేయండి, వదిలేస్తే అడుగంటుతుంది.

సాల్తెన్యాలు ఎక్కువ కొనుక్కుంటే ఫ్రిజ్‌లో లోపలి రసం మళ్ళీ గడ్డకడుతుంది, ఎండిపోయిందని కంగారు పడొద్దు. మైక్రోవేవ్‌లో పెడితే పైపొర సాగుతుంది. ఒవెన్‌ని 350 డిగ్రీల ఫారన్‌హీట్‌కి వేడి చేసి పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచండి. మెల్లగా ఊపితే లోపల కదులుతున్నట్టు తెలిస్తే రసం కరిగినట్టే. లేదంటే ఇంకో ఐదు నిమిషాలు.